కూరగాయల అలర్జీకి రక్త పరీక్ష: రంపచోడవరం మన్యంలో

ఫలానా కూరగాయలోని ప్రోటీన్లను గుర్తుపట్టే ఐజీఈ ప్రతిరక్షకాలు ఒక మనిషి రక్తంలో ఎంత ఉన్నాయో కొలవడమే కూరగాయల అలర్జీ రక్త పరీక్ష. అది కొలిచేది అంతవరకే. ఆ కూర తింటే ఆ మనిషికి ఏమవుతుందో అది చెప్పదు. ఈ తేడా తెలియకపోతే రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి వంటింట్లోకి ఒక్కో కూరా రావడం మానేస్తుంది. రిపోర్టును సరిగ్గా చదవడం ఎక్కడైనా అవసరమే. తూర్పు కనుమల్లోని రంపచోడవరం వంటి చోట మాత్రం అది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ ఐజీఈ పెరగడానికి కూరగాయలతో ఏ సంబంధమూ లేని కారణాలు చాలా ఉన్నాయి. పైగా పళ్లెంలోంచి ఒక కూర తీసేస్తే దాని బదులు ఇంకొకటి కొని తెచ్చుకునే స్తోమత అందరికీ ఉండదు.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం దాటి కొండల్లోకి ఎక్కే దారిలో ఉంది రంపచోడవరం. 1879లోనూ, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలోనూ తెల్లదొరల మీద తిరగబడిన రంప దేశం ఇదే. తూర్పు గోదావరి ఏజెన్సీకి కేంద్రంగా ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం, ఏరియా ఆసుపత్రి ఇక్కడే ఉన్నాయి. చుట్టూ కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు ఉంటారు. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగగా గుర్తించింది. పోడులో పండే చిరుధాన్యాలు, కంది, గుమ్మడి, అనప, పెరటి వంకాయ, అడవిలో తవ్వుకొచ్చే దుంపలు, వానాకాలపు పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, చింతచిగురు, అడవి కాకర ఇక్కడి తిండి. మైదానంలో వాళ్లు తినే కూరల కంటే మన్యం తినే రకాలు ఎక్కువ. వాటిలో చాలావాటికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు, ఆ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

దురదలన్నీ ఒకటి కావు

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని తెలుగువాళ్ల సామెత. అలర్జీ వైద్యం మొదలవ్వాల్సింది ఆ కంద దగ్గరే. కంద, చేమ తరిగితే చేతులు దురద పెడతాయి, సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. వాటి కణాల్లో కాల్షియం ఆగ్జలేటు సూదుల్లాంటి స్ఫటికాలుగా కట్టలు కట్టి ఉంటుంది. తరిగినప్పుడు ఆ సూదులు బయటికి వచ్చి చర్మానికి గుచ్చుకుంటాయి. చింతపండు పులుసులో ఉడికించే అలవాటు ఊరికే రాలేదు. దీనికి రోగనిరోధక వ్యవస్థతో పని లేదు. కంద దురద ముట్టుకున్న ప్రతివాళ్లకూ వస్తుంది. అలర్జీ దురద పంక్తిలో కూర్చున్న పదిమందిలో ఒక్కరికే వస్తుంది. ఈ ఒక్క తేడా అడిగి తెలుసుకుంటే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

దూలగొండి కాయ మీది నూగు పెట్టే దురదా ఇంతే, తాకినవాడెవడైనా గోక్కోవాల్సిందే. అడవి దుంపల్లో కొన్నింటిని కోసి, ఉడికించి, పారే నీళ్లలో రాత్రంతా ఉంచితే గానీ తినరు. చేదు కర్రపెండలంలో సైనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. సరిగా నానని దుంప తిని వాంతులయితే అది విషం, అలర్జీ కాదు. ఇంటిల్లిపాదీ తిన్నారా, అందరికీ వాంతులయ్యాయా అని మొదట అడగాలి. అందరికీ అయితే రక్తాన్ని అలర్జీ పరీక్షకు పంపడం వృథా, రోగికి ఆ గంటలో కావలసింది వేరే వైద్యం.

ఇవన్నీ పక్కన పెట్టాక మిగిలేదే అసలైన అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు నోరు, పెదవులు దురద పెట్టడం, ఒళ్లంతా దద్దుర్లు లేవడం, కళ్లు, మూతి వాయడం, వాంతులు, పిల్లికూతల ఆయాసం, కళ్లు తిరగడం దాని లక్షణాలు. అదే కూర ఎప్పుడు తిన్నా అలాగే అవ్వాలి. వారం క్రితం తిన్న వంకాయకు ఈ రోజు వచ్చిన దద్దుర్లకు సంబంధం లేదు.

వంకాయ సంగతి

మనవాళ్లు 'పడదు' అనే కూరల్లో మొదట వినపడే పేరు వంకాయ. పుండు మానాలంటే వంకాయ మానమనడం, ఒంట్లో దురదలుంటే వంకాయ వద్దనడం పెద్దల మాట. ఈ మాటను ల్యాబులో పెట్టి చూసినవాళ్లు మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో వై.పి. వెంకటేశ్ బృందం 2004 నుంచి వంకాయ అలర్జీ మీద వరుసగా పరిశోధనలు ప్రచురించింది. వంకాయ తిన్నాక నిజంగానే ఐజీఈ వల్ల ఒళ్లు రేగినవాళ్లను వాళ్లు చర్మ పరీక్షతోనూ, రక్త పరీక్షతోనూ చూపించారు. 2008లో మైసూరు నగరంలో జరిపిన సర్వేలో ఈ అలర్జీ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువని తేలింది. 2009లో వచ్చిన మరో వ్యాసం, అలర్జీ పుట్టించే ప్రోటీన్లు గుజ్జులో కంటే తోలులోనే ఎక్కువని చెప్పింది.

అదే సంవత్సరం అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది, నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది అదే. మన దేశపు వంకాయ రకాల్లో హిస్టమిన్ ఎక్కువగా ఉంటుంది, శరీరంలోని కణాల చేత హిస్టమిన్ విడుదల చేయించే పదార్థాలు కూడా ఉంటాయి. అలర్జీలో దురద పుట్టించేదీ హిస్టమినే. అంటే ఐజీఈ ఒక్క చుక్క లేకపోయినా వంకాయ తిన్న మనిషికి దురద రావచ్చు. అలాంటి మనిషి రక్తం తీస్తే పరీక్ష 'లేదు' అంటుంది. అనుభవం మాత్రం 'ఉంది' అంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. రిపోర్టు చూసి 'నీదంతా భ్రమ' అని రోగిని పంపేయడం తప్పు. 'వంకాయ తింటే నాలుక్కి దురద' అనే అవ్వ మాట వెనక శతాబ్దాల వంటింటి గమనింపు ఉంది. అది అలర్జీయా, హిస్టమినా అన్నదే ప్రశ్న. హిస్టమిన్ వల్ల వచ్చేది సాధారణంగా ఎంత తిన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది, రెండు ముక్కలు తింటే ఏమీ కాక, గిన్నెడు తింటే అవ్వొచ్చు. ఐజీఈ అలర్జీలో ఒక్క ముక్క కూడా ఎక్కువే కావచ్చు.

చేపలు పడని వైద్యుడి రక్తం

అలర్జీ అన్న మాటను 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. ఆ అలర్జీ రక్తంలో ఉంటుందని తేల్చింది మాత్రం 1921లో బ్రెస్లావులో ఇద్దరు వైద్యులు. హైన్రిష్ క్యూస్ట్నర్‌కు చేపలు పడవు. కార్ల్ ప్రౌస్నిట్స్‌కు చేపలతో ఏ ఇబ్బందీ లేదు. క్యూస్ట్నర్ రక్తపు సీరాన్ని ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం గుచ్చితే అక్కడ దద్దురు లేచింది. చేపలు పడే మనిషి చర్మం మీద, పడని మనిషి రక్తం వల్ల! సీరంలో ఏదో ఉందని దానితో రుజువైంది. ఆ 'ఏదో' ఏమిటో తెలియడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది.

అమెరికాలోని డెన్వర్‌లో జపాను దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకా దాని కోసం రక్తాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ భాగంలో ఆ గుణం ఉందో తమ వీపుల మీదే పరీక్షించుకున్నారు. 1966లో వాళ్లు దానికి ఒక పేరు పెట్టారు. అదే కాలంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో గున్నార్ యోహాన్సన్, హాన్స్ బెన్నిష్ ఒక అరుదైన ఎముక మజ్జ క్యాన్సరు రోగి రక్తంలో అంతవరకూ ఎవరికీ తెలియని ప్రతిరక్షకాన్ని కనుక్కున్నారు. రెండూ ఒకటేనని తేలి, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో దానికి ఐజీఈ అని పేరు ఖాయం చేశారు. ఇది ఇంత ఆలస్యంగా దొరకడానికి కారణం దాని కొరతే. రక్తంలో ఐజీజీ అనే ఇంకో ప్రతిరక్షకం లీటరుకు 10 గ్రాముల చుట్టూ ఉంటే, అలర్జీ లేని మనిషిలో ఐజీఈ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

ఉప్సాలాలోనే 1967లో లీఫ్ వీడె, బెన్నిష్, యోహాన్సన్ కలిసి మొదటి అలర్జీ రక్త పరీక్షను ప్రకటించారు. దాన్ని రాస్ట్ అంటారు. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ప్రతిరక్షకంతో ఐజీఈని లెక్కపెట్టేవారు. 1974లో ఫార్మేషియా కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇప్పటికీ కొందరు పాత వైద్యులు 'రాస్ట్ చేయించండి' అంటూంటారు గానీ, ఆ రేడియోధార్మిక పద్ధతి ఎప్పుడో పోయింది. దాని స్థానంలో వచ్చిన ఇమ్యునోక్యాప్ వంటి పరీక్షల్లో ఎంజైము వెలిగించే కాంతిని యంత్రం కొలుస్తుంది.

గొట్టంలోంచి రిపోర్టు దాకా

రోగి చెయ్యవలసింది తక్కువ. పరగడుపున రానక్కర్లేదు. దురద మందులు, అంటే యాంటీహిస్టమిన్లు, మానక్కర్లేదు. ఈ సౌకర్యం చర్మ పరీక్షకు లేదు. జబ్బకు రబ్బరు పట్టీ కట్టి మోచేతి మడతలోని నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. గడ్డకట్టే గొట్టంలో పోసి అరగంట నిలబెడతారు. ఎర్రటి గడ్డ అడుగుకు దిగాక యంత్రంలో గిర్రున తిప్పితే పైన తేనె రంగు నీరు తేలుతుంది, అదే సీరం. ఒక్కో కూరకు కావాల్సింది 40 మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్క. ఇలా తీసిన సీరాన్ని ఐసు పెట్టెలో చల్లగా ఉంచి పంపాలి. ఈ పరీక్ష యంత్రాలు పెద్ద నగరాల ల్యాబుల్లో ఉంటాయి కాబట్టి మన్యం రక్తం ఘాటు రోడ్డు దిగి చాలా దూరం పోవాలి. ఎండాకాలంలో ఆ పెట్టెలో ఐసు నిలవడం ముఖ్యం.

ల్యాబులో వంకాయ సారాన్ని అంటించిన చిన్న స్పంజి ఉంటుంది. సీరం దాని మీద పడితే వంకాయను గుర్తుపట్టే ఐజీఈ అక్కడ అతుక్కుంటుంది, మిగతాది కడిగేస్తారు. తర్వాత ఎంజైము తగిలించిన రెండో ప్రతిరక్షకం పోస్తారు, అది ఐజీఈని పట్టుకుంటుంది. మళ్లీ కడిగి, మెరిసే రసాయనం వేస్తారు. మెరుపు ఎంత ఎక్కువ ఉంటే ఐజీఈ అంత ఎక్కువన్నమాట.

ఫలితం లీటరుకు కిలో యూనిట్లలో వస్తుంది. ఒక్కో కిలో యూనిట్ అంటే సుమారు 2.4 మైక్రోగ్రాముల ఐజీఈ. 0.35 కంటే తక్కువ ఉంటే లేనట్టేనని చాలాకాలం లెక్క వేసేవారు. ఇప్పటి యంత్రాలు 0.1 దాకా పసిగడతాయి. 0.35 నుంచి 0.7 వరకు మొదటి తరగతి, 3.5 వరకు రెండోది, 17.5 వరకు మూడోది, 50 వరకు నాలుగోది, 100 వరకు ఐదోది, అది దాటితే ఆరోది. తరగతి పెరిగేకొద్దీ అలర్జీ నిజమయ్యే అవకాశం పెరుగుతుంది. వచ్చే అలర్జీ ఎంత తీవ్రమో మాత్రం ఈ అంకె చెప్పదు. రెండో తరగతి మనిషికి ప్రాణం మీదికి రావచ్చు, నాలుగో తరగతి మనిషి ఏమీ కాకుండా తినవచ్చు. పాలు, గుడ్డు, వేరుశనగ విషయంలో ఇన్ని యూనిట్లు దాటితే అలర్జీ దాదాపు ఖాయం అనే హద్దులను పరిశోధకులు కట్టారు. కూరగాయలకు అలాంటి నమ్మదగిన హద్దులు లేవు.

ఒక రిపోర్టు ఎలా చదవాలో చూపడానికి ఒకటి ఊహించుకుందాం. పన్నెండేళ్ల గిరిజన బాలిక, చర్మం మీద దద్దుర్లు. మొత్తం ఐజీఈ 1,400. వంకాయ 0.6, టమాట 0.5, క్యారెట్ 0.7, వేరుశనగ 0.9, బియ్యం 0.5, గోధుమ 0.8. పక్కన ప్రతి దానికీ 'పాజిటివ్' అని ఎర్ర అక్షరాలు. తల్లి గుండె గుభేలుమంటుంది. ఇంక ఈ పిల్లకు ఏం పెట్టాలి? ఇప్పుడు అంకెలు చూడండి. అన్నీ ఒకే ఎత్తులో, అన్నీ కింది రెండు మెట్ల మీదే ఉన్నాయి. నిజమైన వంకాయ అలర్జీ అయితే వంకాయ అంకె మిగతావాటి కంటే ఎత్తుగా నిలబడాలి. పిల్ల రోజూ మూడు పూటలా తినే బియ్యానికీ పాజిటివ్ అని వచ్చిందంటే, ఆ అంకె బియ్యం గురించి చెప్పడం లేదు. ఇన్ని మొక్కలను ఒకేసారి గుర్తుపట్టే ఒకే ఒక్క ఐజీఈ ఆమె రక్తంలో ఉందని చెబుతోంది.

ఏలిక పాములు, చలిజ్వరం, మొక్కల చక్కెరలు

ఆ ఒక్క ఐజీఈ ఏమిటో 1981లో డచ్చి శాస్త్రవేత్త రాబ్ ఆల్బెర్సె బృందం చూపింది. మొక్కల ప్రోటీన్లకు అతుక్కుని ఉండే కొన్ని చక్కెర గొలుసులు పాలిచ్చే జంతువుల్లో ఉండవు, దాదాపు అన్ని మొక్కల్లోనూ ఉంటాయి. వాటికి ఐజీఈ పుట్టిన మనిషి రక్తం వంకాయ, వరి, వేరుశనగ అన్నింటికీ పాజిటివ్ చూపుతుంది, తింటే మాత్రం సాధారణంగా ఏమీ కాదు. పురుగుల్లోనూ, కందిరీగ విషంలోనూ ఇలాంటి చక్కెరలున్నాయి. అందుకే అనుభవమున్న ల్యాబులు అనాసలోని బ్రోమిలిన్ మీద ఒక పరీక్ష అదనంగా చేస్తాయి. దానికి పాజిటివ్ వస్తే మిగతా కూరల చిన్న చిన్న అంకెలను అనుమానంగా చూడాలి.

కడుపులో పురుగులున్న మనిషి ఐజీఈ పెరగడం పాత సంగతే. పురుగులతో పోరాడటానికే ఐజీఈ పుట్టిందని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. ఆఫ్రికాలోని ఘనాలో బడిపిల్లల మీద జరిగిన పరిశోధన 2013లో వచ్చింది. అక్కడ 17.5 శాతం పిల్లలకు రక్త పరీక్షలో వేరుశనగ ఐజీఈ కనిపించింది. వాళ్లలో పదింట తొమ్మిదిమందికి పైగా చర్మ పరీక్షలో ఏమీ లేదు. ఆ ఐజీఈ చాలావరకు చక్కెరలకే అతుక్కుంటోందని, మూత్రనాళ రక్తపురుగు సోకినవాళ్లలో అది ఎక్కువని తేలింది. ఆ పురుగు మన మన్యంలో లేదు. ఏలిక పాములు, వట్టికాళ్లతో తడి నేల మీద తిరిగితే సోకే కొంకి పురుగులు మాత్రం ఉన్నాయి. మలేరియా కూడా ఐజీఈని పెంచుతుంది. రంపచోడవరం ఏజెన్సీకి చలిజ్వరం కొత్త కాదు.

కాబట్టి ఆ బాలిక రిపోర్టు చూసిన వైద్యుడు చేయాల్సిన మొదటి పని మల పరీక్ష. అవసరమైతే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తున్న మాత్ర అదే. పురుగులు పోయినంత మాత్రాన ఐజీఈ వెంటనే దిగిపోదు, దానికి నెలలు పడుతుంది. అయినా ఆ పిల్ల పళ్లెంలోంచి వంకాయ, వేరుశనగ, గోధుమ తీసేయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. ఎదిగే పిల్లకు తిండి తగ్గించడం అన్ని వైద్యాల్లోకీ చెడ్డ వైద్యం.

మనకు దగ్గర్లోనే దీనికి సాక్ష్యం ఉంది. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పి.ఎ. మహేశ్, మరికొందరు 11,791 మంది పెద్దలను కలుపుకుని చేసిన సర్వే ఫలితాలు 2016లో వెలువడ్డాయి. 24 ఆహారాల్లో ఏదో ఒకదానికి ఐజీఈ ఉన్నవాళ్లు 26.5 శాతం. లక్షణాలూ ఐజీఈ రెండూ కలిసి నిజంగా ఆహార అలర్జీ అనిపించినవాళ్లు 1.2 శాతం. అంటే రక్తంలో పాజిటివ్ వచ్చిన ప్రతి ఇరవైమందిలో అలర్జీ ఉన్నది దాదాపు ఒక్కరికే. 2020లో ప్రచురితమైన మరో అంతర్జాతీయ పరిశోధనలో మన దేశపు పిల్లల్లో ఆహార అలర్జీ 0.14 శాతమే, హాంకాంగులో 1.5 శాతం. రక్త పరీక్షలో ఏమైనా కనబడినా, మన పిల్లలకు అలర్జీ తక్కువే.

రబ్బరు చెట్టు, కర్రపెండలం

మన్యంలో గుర్తుంచుకోవాల్సిన ఇంకొక జంట ఉంది. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో గిరిజన రైతుల చేత రబ్బరు తోటలు వేయించారు. రబ్బరు పాలలోని ప్రోటీన్లకు అలర్జీ వచ్చినవాళ్లకు అరటి, బొప్పాయి, అవకాడో వంటివి కూడా పడకపోవడం వైద్యశాస్త్రంలో అందరికీ తెలిసిన సంగతి. పోలికలున్న ప్రోటీన్లే కారణం. కర్రపెండలం రబ్బరు చెట్టుకు సొంత బంధువు, రెండూ ఆముదం కుటుంబమే. బ్రెజిల్ పరిశోధకులు కర్రపెండలంలో గుర్తించిన అలర్జీ ప్రోటీన్ రబ్బరు పాలలోని ఒక ప్రోటీన్‌కు దగ్గరి పోలిక. గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతాల్లో కర్రపెండలం విరివిగా పండిస్తారు, పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల దానితో సగ్గుబియ్యం చేస్తారు. రబ్బరు గీసే పని, దుంప తినే అలవాటు ఒకే ఇంట్లో కలిసే చోటు ఇది. అందుకే దుంప తిని ఒళ్లు రేగిందని వచ్చిన మనిషిని 'నువ్వు రబ్బరు తోటలో పని చేస్తావా? గ్లౌజులు వేసుకుంటే చేతులు దురద పెడతాయా?' అని తప్పక అడగాలి. రబ్బరు పాలకు రక్త పరీక్ష ఉంది, దాన్ని కలిపి రాయాలి. వాళ్లకు ఆపరేషన్ చేయాల్సి వస్తే రబ్బరు గ్లౌజులు వాడకూడదన్నది మరింత ముఖ్యమైన సంగతి.

పుప్పొడితోనూ కూరలకు ఇలాంటి చుట్టరికాలున్నాయి. ఐరోపాలో బర్చ్ చెట్టు పుప్పొడి పడనివాళ్లకు పచ్చి క్యారెట్, సెలరీ నోట్లో దురద పెడతాయి, ఉడికిస్తే పోతుంది. ఆ చెట్టు మనకు లేదు. మన సర్కారు తుమ్మ పుప్పొడికీ లైమా చిక్కుడుకూ ఐజీఈ బంధుత్వం ఉందని 2007లో ఢిల్లీ శాస్త్రవేత్తలు చూపారు. సర్కారు తుమ్మ ఉన్న ఊళ్లో చిక్కుడుకు పాజిటివ్ వస్తే అది తుమ్మ పూత వల్ల కూడా కావచ్చు.

ముల్లు, ముక్క, ముద్ద

రక్త పరీక్షకు అందని చోట చర్మ పరీక్ష పనికొస్తుంది. కూరగాయలకు మంచి పద్ధతి తాజా కాయతో చేసేది. శుభ్రమైన చిన్న సూదిని ముందు వంకాయలో గుచ్చి, అదే సూదితో ముంజేతి మీద మెల్లగా గుచ్చుతారు. పక్కనే హిస్టమిన్‌తో ఒకటి, ఉప్పు నీళ్లతో ఒకటి. పదిహేను నిమిషాల్లో 3 మిల్లీమీటర్లు, అంతకు పైన దద్దురు లేస్తే పాజిటివ్. కొన్ని కూరల ప్రోటీన్లు సీసాలో నిలవ ఉంచిన సారంలో చెడిపోతాయి, తాజా కాయలో చెడిపోవు. ల్యాబు జాబితాలో లేని అడవి కాకరకు, వెదురు కొమ్ముకు, దురద పెట్టని దుంపలకు ఇలా చూడవచ్చు. వంకాయలో హిస్టమిన్ ఉంటుంది గనుక ఈ పరీక్ష అలర్జీ లేనివాళ్లకూ దద్దురు లేపవచ్చు, ఆరోగ్యవంతుడైన ఇంకో మనిషి చేతి మీద కూడా గుచ్చి పోల్చాలి. ముందే చెప్పుకున్న కందకు అయితే ఈ పద్ధతి అసలు పనికిరాదు. ప్రమాదం జరిగితే సూదిమందు ఇవ్వగల ఆసుపత్రిలో తప్ప దీన్ని చేయకూడదు.

చివరి తీర్పు మాత్రం తినిపించి చూడటానిదే. వైద్యుల ఎదుట, మందులు సిద్ధంగా పెట్టుకుని, కూరను కొంచెం కొంచెంగా పెంచుతూ పెడతారు. రోగికీ వైద్యుడికీ ఏది కూరో ఏది ఉత్తిదో తెలియకుండా చేసే పద్ధతిని ఆహార అలర్జీలో ప్రవేశపెట్టింది అమెరికా వైద్యుడు చార్లెస్ మే, 1976లో. ఇప్పటికీ దానికి సాటి పరీక్ష లేదు.

ఇంకో మాట చెప్పకుండా దాటేయలేను. 'వంద ఆహారాలకు ఒకే పరీక్ష, మీకు ఏది పడదో తెలుసుకోండి' అంటూ వేలకు వేలు పుచ్చుకునే ప్యాకేజీలు కొన్ని ఐజీఈని కాక ఐజీజీని కొలుస్తాయి. మనం తినే ప్రతిదానికీ ఐజీజీ పుడుతుంది, అది తిన్నామనడానికి గుర్తు, పడదనడానికి కాదు. ఐరోపా అలర్జీ సంఘం 2008లోనే ఆహార అలర్జీని తేల్చడానికి ఐజీజీలో ఒక రకమైన ఐజీజీ4ను కొలిచే పరీక్షలు పనికిరావని స్పష్టం చేసింది. రిపోర్టులో 'ఐజీజీ' అన్న మాట కనబడితే కూరలు మానేసే ముందు ఆగాలి. పరీక్ష రాయించుకునేటప్పుడే ఏ ప్రతిరక్షకం కొలుస్తారని అడిగితే డబ్బు మిగులుతుంది.

మన ఆహార భద్రతా సంస్థ 2020 లేబులింగు నిబంధనల్లో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, గింజలు, సోయా, సల్ఫైట్ ఉన్నాయి. కూరగాయలు లేవు. అందువల్ల వంకాయో కర్రపెండలమో నిజంగా పడని మనిషికి ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రాసిన పదార్థాల వరసే ఆధారం. సగ్గుబియ్యం కర్రపెండలంతోనే చేస్తారని చాలామందికి తెలియదు.

నిజమైన అలర్జీ ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. గొంతు బిగుసుకోవడం, ఆయాసం, బీపీ పడిపోవడం మొదలైతే అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ కండలో ఇవ్వాలి, బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము, పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాముకు మించకుండా. ఇది ఆరోగ్య కేంద్రాల్లో ఉండే మందు, ఖరీదు తక్కువ. దురద మాత్ర దీనికి బదులు కాదు. కొండ మీది గూడేనికి 108 బండి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, అక్కడి నుంచి మనిషిని డోలీలో మోసుకు దిగాల్సి వస్తుంది. అందుకే ఒకసారి ఇలా అయినవాళ్లు ఉన్న గూడెం పేరు, ఆ మనిషి పేరు, ఆ కూర పేరు ఆరోగ్య కేంద్రంలో రాసిపెట్టుకోవాలి.

తేలిన కూరను మానేయాలి, తేలని కూరను మానకూడదు. వంకాయ ఒక్కటే పడనివాళ్లు ఒకే కుటుంబమని టమాట, బంగాళాదుంప, మిరపకాయ వదులుకోనక్కర్లేదు. వాటిని ఇంతకాలం తిని ఏమీ కాకుండా ఉంటే రిపోర్టులో వాటి పక్కన ఏ అంకె ఉన్నా అలాగే తినవచ్చు. పిల్లల విషయంలో ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రక్తం తీసి, అంకె దిగుతుంటే ఆసుపత్రిలో తినిపించి చూస్తారు.